మసి కింది నంబరు

"అయిదింటికి మెజిస్ట్రేట్ ముందట నిలబెడుతున్న మేడం. అప్పటిదాంక ఈ రేకుల గదిల కూసోని మీరు భజన చేసినా నాకు అభ్యంతరం లేదు."

సీఐ పరశురాం నన్ను పలకరించిన తీరు ఇది. డీఎస్పీ ఫోన్ చేసి చెప్పాడు కాబట్టి లోపలికి రానిచ్చాడు గానీ, లేకపోతే గేటు దగ్గరి నుంచే సాగనంపేవాడు. ఇద్దరం ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరాం. నేను ఆరేళ్లకే యూనిఫాం విప్పేసి నల్గొండలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాను. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆయన మీసాల కింద ఒక నవ్వు మొలుస్తుంది. ఇప్పుడూ మొలిచింది.

"అయిదు దాకా అక్కర్లేదు లెండి" అన్నాను.

ఉత్త బింకం. అప్పటికి నా చేతిలో ఏమీ లేదు. ఉన్నదల్లా పొద్దున మార్చురీ బయట అఖిల అన్న మాట ఒక్కటే. మొగుడి శవం ఇంకా లోపల ఉండగానే ఆమె నా చేతులు పట్టుకుంది. "అక్కా, మహేశ్ ఎట్లైనా పోయిండు. చెయ్యని పాపానికి సోమన్న జైలుకు పోవద్దు. ఆయన నా పెనిమిటిని తమ్ముని లెక్క చూసుకున్నడు. సోమన్నను విడిపియ్యి, నీకు దండం పెడ్త." చనిపోయినవాడి భార్యే నేరం మోస్తున్నవాడి తరఫున ఏడుస్తుంటే ఇంకేమంటాను? విడిపిస్తానని మాటిచ్చాను.

జరిగింది ఇది. దేవరకొండ రోడ్డులో శివకృష్ణ డీజిల్ వర్క్‌షాపు. దాని వెనక ఒక రేకుల గది. ఇంజన్లలో గట్టిపడిన మసిని వదిలించడం ఆ గదిలో పని. అక్రోటు పెంకులను రవ్వలా ఆడించి, ఆ రవ్వను డ్రమ్ములో పోసి, కంప్రెసర్ గాలితో గన్ గుండా మసి మీదికి కొడతారు. పెంకు మెత్తనిది కాబట్టి మసి రాలిపోతుంది, ఇనుముకు గీత పడదు. కొట్టేవాడు ఆ దుమ్ము పీల్చకుండా మెడ దాకా దిగే టోపీ పెట్టుకుంటాడు. బయట ఉన్న ఒక చిన్న పంపు నుంచి పైపు ద్వారా ఆ టోపీలోకి మంచి గాలి వస్తుంది.

ఆ పని చేసేవాడు మహేశ్. భువనగిరిలో మగ్గం ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి మెకానిక్ అయిన ముప్పై ఏళ్ల మనిషి. నిన్న ఆదివారం. మిగతా పనివాళ్లకు సెలవు. షాపులో ఉన్నది ముగ్గురే. గదిలో మహేశ్, ముందు షెడ్డులో కంప్రెసర్ దగ్గర సోమన్న, ఇద్దరినీ చూసుకుంటూ యజమాని శివకృష్ణ. పదిన్నరకు మహేశ్ గదిలోకి వెళ్లాడు. పన్నెండింటికి శివకృష్ణ భువనగిరిలో ఏదో ఫంక్షన్ ఉందని కారులో వెళ్లిపోయాడు. ఒకటిన్నర దాకా గన్ మోత ఆగలేదు. అన్నానికి పిలుద్దామని సోమన్న కంప్రెసర్ ఆపి లోపలికి వెళ్తే, టోపీ పెట్టుకున్న మహేశ్ నేల మీద పడి ఉన్నాడు. అప్పటికే చల్లబడ్డాడు.

"నిన్న పొద్దుగాల మహేశ్, సోమన్న గల్లలు పట్టుకొని కొట్లాడిన్రు. శివకృష్ణ చూసిండు, పక్క పిండి గిర్ని ఆమె చూసింది" అన్నాడు పరశురాం. "ఒకటిన్నర దాంక గన్ నడిచిందంటే మహేశ్ అప్పటిదాంక బతికున్నట్టే. పన్నెండు దాటినంక ఈడ ఉన్నది సోమన్న ఒక్కడే. టోపీకి పోయే పైపు మడత పెట్టిండు. ఊపిరాడక మహేశ్ చచ్చిండు. ఇంక ఇండ్ల డిటెక్టివ్ పని ఏముంది?"

గోడకు తగిలించిన రెండో టోపీ తీసి తలకు పెట్టుకుని పైపు తగిలించాను. పంపు వేయమన్నాను. కానిస్టేబుల్‌తో, "ఆ పైపు మడత పెట్టు, ఎంత గట్టిగా పెడతావో పెట్టు" అన్నాను. అతను పెట్టాడు. లోపల గాలి ఆగింది. మొహం ఉడికినట్టయింది. టోపీ తీసి బల్ల మీద పెట్టాను.

"చూశారుగా? గాలి ఆగితే ఎవడైనా టోపీ తీసేస్తాడు. మహేశ్ చేతులు కట్టేసి లేవు. తలుపుకు గొళ్లెం లేదు. మరి తియ్యలేదేం?"

"కండ్లు తిరిగి పడిపోయి ఉంటడు."

"కళ్లు తిరిగేదాకా టోపీ ఎందుకు ఉంచుకున్నాడంటే, గాలి ఆగలేదు కాబట్టి. వస్తూనే ఉంది. ఆ వచ్చే గాలే చెడ్డది."

పరశురాం నవ్వు కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు. పోస్టుమార్టం చేసిన డాక్టర్‌ను పొద్దున నేనే అడిగాను. రక్తం మామూలుగా లేదనీ, ఒళ్లంతా గులాబిరంగుకు తిరిగిందనీ అన్నాడు. పరీక్షకు పంపాం, రిపోర్టు రావడానికి టైం పడుతుంది, అప్పటిదాకా ఏమీ రాసివ్వలేను అన్నాడు. శవం ముఖం నేనూ చూశాను. నిద్రపోతున్న మనిషిలా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చూడలేకపోయాను. బండి పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ పీల్చి చచ్చిపోయినవాళ్లు అలా ఉంటారని మాకు ట్రైనింగులో చెప్పారు. పరశురాం కూడా ఆ క్లాసులో నా పక్క బెంచీలోనే కూర్చున్నాడు.

అప్పుడే శివకృష్ణ వచ్చాడు. తెల్ల చొక్కా, ఉబ్బిన కళ్లు, చేతిలో పూలదండ ఉన్న కవరు. మహేశ్ అంత్యక్రియలకు అంబులెన్సు వెనకే భువనగిరి బయల్దేరుతున్నానని పరశురాంకు చెప్పడానికి వచ్చాడు. నేనెవరో తెలిసి చేతులు జోడించాడు.

"రెండు నిమిషాలు" అన్నాను. "నిన్న మీరున్నంతసేపు ఏం జరిగింది?"

"ఏం జరిగింది మేడం, ఎప్పటి తీరుగనే. పదకొండు గొట్టంగ కరెంటు పోయింది. గదిల లైటుకు, టోపీ పంపుకు ఇబ్బంది కావద్దని నేనే పెట్రోల్ జనరేటర్ వేసిన. అరగంటకు కరెంటొచ్చింది, బంద్ చేసిన. పన్నెండింటికి పోయిన. పోయేటప్పుడు గూడ గన్ సప్పుడు వినబడుతనే ఉండె." పూలదండ కవరు మరో చేతికి మార్చుకున్నాడు. "వాన్ని పోరగానిగున్నప్పటి నుంచి నేనే పెంచిన మేడం."

"సోమన్న అలా చేస్తాడని అనుకుంటున్నారా?"

"నా నోటితోని ఏమనాలె? సోమన్నకు పని ఇచ్చింది నేనే. రెండేండ్ల కింద నా జీపును దొంగలెత్కపోయి, ఈ రోడ్డు మీదనే ఆయన పెండ్లాం సాలమ్మను గుద్ది సంపిన్రు. దొంగ దొరకలే, జీపు దొరకలే. నా బండి కింద పడి ఆమె పోయింది గదా అని మనసు ఒప్పక ఆయనను పిలిచి పనిల పెట్టుకున్న. గంత తోడుండి గిట్ల చేస్తడనుకోలే." కళ్లు తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గర మళ్లీ ఆగి పరశురాంతో అన్నాడు. "సార్, ఆ బల్ల మీది ఇంజన్ సాయంత్రం ఇప్పియ్యిన్రి. పార్టీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండు."

"తీస్కపో, దాంతోని మాకేం పని?" అన్నాడు పరశురాం.

కారు వెళ్లిపోయింది. మంచి మనిషి అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నన్ను కుదుటపడనివ్వనిది ఒక్క జనరేటర్ సంగతే.

బయటికొచ్చి పక్కనే ఉన్న పిండి గిర్నికి వెళ్లాను. గిర్ని నడిపే ప్రమీలమ్మ జుట్టు, కనుబొమ్మలు పిండితో తెల్లగా ఉన్నాయి. గిర్ని ఆపకుండానే మాట్లాడింది, కాబట్టి ఇద్దరం అరుచుకున్నాం.

"నిన్న పొద్దున కరెంటు ఎంతసేపు పోయింది?"

"పోలే బిడ్డా! కరెంటు పోతె నా గిర్ని ఎట్ల తిరుగుతది? ఆదివారం గదా, చర్చి విడిచినంక అందరు డబ్బాలు పట్టుకొని మీద వడ్డరు. నడుం ఎత్తే సందు దొరకలే."

"మరి శివకృష్ణ జనరేటర్ వేశాడట."

"వేసిండు. ఆ పొగ నా గిర్నిలకొచ్చింది. కరెంటుండంగ గదెందుకేసిండో అనుకున్న. పెద్దోళ్లు, మనమేమంటం?"

"గన్ మోత ఒకటిన్నర దాకా వచ్చిందా?"

"వచ్చింది. కని సప్పుడు మారింది." ఆమె ఒక్క నిమిషం చెవి అప్పగించినట్టు ఆగింది. "పైన డబ్బాల గింజలైపోతే నా రాళ్ల సప్పుడు మారుతది సూడు, గట్ల. ముందు గరగర, తర్వాత ఒట్టి ఈల. జనరేటర్ బంద్ చేసినంక గట్లనే అయింది. చెవులు పోటెత్తినయనుకో."

తిరిగి వర్క్‌షాపులోకి వస్తుంటే నా కాళ్లలోకి సత్తువ వచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో ఇంకా పూర్తిగా తెలియదు గానీ, బాగా వచ్చింది.

గది వెనక్కి వెళ్లాను. రేకు గోడకు ఆనుకుని టోపీ పంపు ఉంది. అది గాలి పీల్చే పైపు గోడ వెంట పైకి పోయి, కప్పు మీద వంపు తిరిగి ఉంది. కింది పొగ, దుమ్ము అందకుండా అంత ఎత్తున పెట్టాలని కంపెనీవాళ్లు గోడ మీద స్టిక్కరే అంటించారు. ఆ పంపుకు బారెడు దూరంలో పెట్రోల్ జనరేటర్. పైపును గోడకు పట్టి ఉంచే క్లాంపులు మూడూ తుప్పు పట్టి ఉన్నాయి. వాటి స్క్రూల తలలు మాత్రం తళతళమంటున్నాయి. ఎవరో ఈ మధ్యే విప్పి బిగించారు.

నిచ్చెన వేసుకుని పైకెక్కాను. రుమాలు వేలికి చుట్టి పైపు నోట్లో తిప్పాను. నల్లటి మసి. దిగి పంపు మూత తీసి ఫిల్టర్ చూశాను. తెల్లగా ఉండాల్సిన పైపొర కాటుకలా ఉంది. దాని కింద బొగ్గు పొర. బొగ్గు పొర పొగ వాసనను పట్టేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే లేదు, దాన్ని బొగ్గు ఆపలేదు. అది నేరుగా టోపీలోకి వెళ్లిపోతుంది. లోపల మనిషికి తల బరువెక్కుతుంది, ఎండ దెబ్బ అనుకుంటాడు. కాసేపాగుదాం అనుకునేలోపు మోకాళ్లు వంగిపోతాయి.

"పరశురాం గారూ" అని కేకేశాను. ఆయన విసుక్కుంటూ వచ్చాడు. రుమాలు చూపించాను.

"ఇంజన్ మసి తీసే జాగాల మసి ఉండక మల్లెపూలు ఉంటయా?"

"ఇంజన్ మసి గది లోపల. ఈ పైపు నోరు గది బయట, కప్పు మీద. అక్కడికి పొగ రావాలంటే పైపును విప్పి, కిందికి దింపి, ఆ జనరేటర్ సైలెన్సర్‌కు ఆనించాలి. పని అయిపోయాక మళ్లీ పైకెత్తి బిగించాలి. మసి తుడిచి బతికేవాడే పైపు నోట్లో మసి తుడవడం మరిచిపోయాడు."

"జనరేటర్ కరెంటు పోయినప్పుడు వేసిండు గదా."

"కరెంటు పోలేదు. గిర్ని తిరుగుతూనే ఉంది. దాని సంగతెందుకు, ఆ కంప్రెసర్ మోటారును అడగండి. అది త్రీ ఫేజ్. ఆ చిన్న జనరేటర్‌తో తిరగదు. కరెంటు అరగంట పోయి ఉంటే గన్ మోత కూడా అరగంట ఆగాలి. పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా మోత ఆగలేదని రాసుకున్నది మీరే."

ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. పరశురాం చెడ్డవాడు కాదు. తొందర మనిషి. ఒకసారి పట్టుకున్న దారిని వదలడం ఆయనకు పరువు పోయినట్టుంటుంది.

"సోమన్నను తీసుకురండి" అన్నాను.

సీన్ చూపించడానికని అతన్ని అప్పటికే పోలీసు జీపులో తెచ్చి కూర్చోబెట్టారు. బేడీలతో వచ్చాడు. నలభై దాటిన మనిషి, మోకాళ్ల దాకా నూనె మరకలు, పెదవి ఒకవైపు చిట్లి ఉంది. అదెలా చిట్లిందని నేను అడగలేదు. పరశురాం వైపు చూశాను, ఆయన అటు తిరిగాడు.

"సోమన్నా, ఒక డ్రమ్ము రవ్వ ఎంతసేపు వస్తుంది?"

"నిండ పోస్తె గంట మేడం. గంటకోపారి మల్ల పోయాలె."

డ్రమ్ము మూత తెరిపించాను. అడుగున పావు వంతు రవ్వ ఇంకా ఉంది. పక్కన బస్తా మూతి ఎలా కట్టింది అలాగే ఉంది. మళ్లీ పొయ్యలేదు. అంటే మహేశ్ గంటసేపు కూడా కొట్టలేదు. రవ్వ దారి తెరిచే తిప్పుడు మూత మూసి ఉంది. అది మూశాక గన్‌లోంచి వచ్చింది ఒట్టి గాలి. ప్రమీలమ్మ చెప్పిన ఈల అదే.

గన్ ఎత్తి చూపించాను. దాని పిడికి ఒక మీట ఉంటుంది. చేత్తో నొక్కి పట్టినంతసేపే గన్ పనిచేస్తుంది. మనిషికి ఏదైనా అయి చెయ్యి జారితే అదంతటదే ఆగిపోతుంది. ఆ మీటను సైకిల్ ట్యూబు ముక్కతో పిడికి బిగించి కట్టి ఉంది.

"చెయ్యి నొస్తదని మెకానిక్కులందరు కడ్తరు" అన్నాడు పరశురాం.

"మహేశ్ కట్టడు సార్" అన్నాడు సోమన్న నెమ్మదిగా. "నేనొకసారి కడితె కత్తెరతోని కోసి నా మొకం మీద పారేసిండు. 'అన్నా, నీకేమన్నయితే ఇది ఆగాలె, ఆగితేనే నేను ఉరికొస్త' అన్నడు. గోడ మీద గూడ వాడే రాసిండు."

గోడ మీద ఎర్ర రంగుతో వంకర అక్షరాలు ఉన్నాయి. 'చెయ్యి వదిలితే ఆగాలె.' పొద్దుటి నుంచి ఆ గోడ ముందే తిరుగుతున్నాం, ఒక్కరమూ చదవలేదు.

"ఇప్పుడు వినండి" అన్నాను. "పదకొండుంబావు ప్రాంతంలో మహేశ్ కూలిపోయాడు. చెయ్యి జారింది, గన్ ఆగింది. ఆ ఆగడాన్ని ముందున్న సోమన్న పట్టించుకునేలోపే ఒక మనిషి లోపలికొచ్చాడు. మీట కట్టేశాడు, రవ్వ మూసేశాడు. గాలి మోత మళ్లీ మొదలైంది. ఆ మోత వినిపిస్తుండగానే అందరూ చూస్తుండగా కారెక్కి భువనగిరి పోయాడు. మోత ఉన్నంతసేపు మహేశ్ బతికున్నాడని మీరు రాసుకుంటారని అతనికి తెలుసు. మీరు రాసుకున్నారు."

సోమన్నకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపాడు.

"సేటా? లేదు మేడం. సేటు గసొంటోడు గాదు. నాకు అన్నం పెట్టిండు."

"కరెక్టు!" పరశురాంకు పట్టు దొరికింది. "శివకృష్ణకు ఏం పట్టింది మేడం? కొడుకు లెక్క పెంచినోన్ని ఎందుకు సంపుకుంటడు? కారణం చెప్పుండ్రి. కారణం లేకపోతే కోర్టుల మీ రుమాలు చూసి నవ్వుతరు. నా దగ్గర కొట్లాటన్న ఉంది."

టైం నాలుగు కావస్తోంది. నా దగ్గర కారణం లేదు.

"సోమన్నా, నిన్న పొద్దున మీరిద్దరూ ఎందుకు కొట్లాడుకున్నారు?"

"సార్‌కు చెప్పిన. ఇంజన్ కోసం."

"ఇంజన్ కోసం కొట్లాడని మెకానిక్కు ఉంటడా?" అన్నాడు పరశురాం.

"ఇంజన్‌కేమైంది? విడమరిచి చెప్పు."

సోమన్న నేల చూశాడు. చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు. "షాపులకు వచ్చిన ప్రతి ఇంజన్‌ది నేను నంబరు చూస్త మేడం. సాలమ్మను గుద్దిన జీపుది ఇంజన్ నంబరు నాకు కంఠతా వచ్చు. దొంగోడు ఎన్నటికైన ఆ ఇంజన్ ఎక్కడన్న అమ్ముతడు, ఏదో ఒకనాడు రిపేరుకు వస్తది అని ఆశ. సేటే అన్నడు, చూస్త ఉండు సోమన్నా అని. అందరికి తెలుసు. నవ్వుకుంటరు. మహేశ్ మాత్రం నవ్వకపోతుండె, నూనె గుడ్డ తీసుకొని వాడే నాకు తుడిచి చూపిచ్చేటోడు. నిన్న మొదటిసారి చూడనియ్యలే. 'ఈ ఒక్క ఇంజన్ జోలికి రాకన్నా, నీ కాళ్లు మొక్కుత, గదిలకు రాకు' అన్నడు. నాకు కోపమొచ్చి గల్ల పట్టిన. గదే నేను వానితోని ఆఖరు మాట్లాడింది." బేడీల చేతులతోనే మొహం కప్పుకున్నాడు.

అఖిల పొద్దున ఇంకో మాట కూడా అంది. నేను దాన్ని ఏడుపులో మాటగా వదిలేశాను. ముందు రోజు రాత్రి మహేశ్ అన్నం ముట్టలేదట. 'సోమన్నకు ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు' అన్నాడట.

బల్ల దగ్గరికి వెళ్లాను. ఇంజన్ మీద పరిచిన పట్టా లాగేశాను. గాలి లోపలికి పోయే దారులు నాలుగు. రెండు శుభ్రంగా ఉన్నాయి, రెండు నల్లగానే ఉన్నాయి. మహేశ్ వరసగా చేసుకుంటూ వచ్చి, మధ్యలో ఆపి, ఇంకేదో చేశాడు. చుట్టూ తిరిగాను. బ్లాక్ పక్కన, కింది వైపు, అరచేయంత మేర మసి పోయి ఉంది. మసి పేరుకునే చోటు కాదది. ఎవడూ అక్కడ గన్ పెట్టడు. ఆ అరచేయి మేర మీద మాత్రం కొత్త గ్రీజు దట్టంగా పూసి ఉంది.

మూలన ఇంకో బస్తా కనబడింది. విప్పని బస్తా. గుచ్చి చూస్తే ఇసుక.

"ఇసుక ఎందుకు?" అన్నాను.

"సేటు తెచ్చిండు మొన్న" అన్నాడు సోమన్న. "ఈ ఇంజన్‌కు ఇసుక కొట్టుమన్నడు. మహేశ్ ఒప్పుకోలే. ఇసుక దుమ్ము ఊపిరితిత్తులను తింటది, ఇనుమును గూడ తింటది, పెంకుతోనే చేస్త అన్నడు."

ఇసుక ఇనుమును తింటుంది. ఇనుములో చెక్కిన అంకెలను కూడా తినేస్తుంది. పెంకు మసిని మాత్రమే తీస్తుంది, దాని కింద ఉన్నదాన్ని ఉన్నట్టే చూపిస్తుంది. శివకృష్ణ మంచి మెకానిక్. మంచి ఇంజన్‌ను బావిలో పారెయ్యడానికి అతనికి చేతులు రాలేదు. రెండేళ్లు ఎక్కడో దాచి, మసీ నూనే పట్టించి, ఇసుకతో నంబరు చెరిపేసి మళ్లీ వాడుకుందామనుకున్నాడు. బల్ల మీదికి చేర్చినప్పుడు ఆ ఇంజన్‌ను ఒకప్పుడు తన చేతులతోనే విప్పి బిగించిన మహేశ్ దాన్ని గుర్తుపట్టాడు. గుర్తుపట్టినా నమ్మలేకపోయాడు. నమ్మాలో లేదో తేల్చుకోవడానికే ఆ అరచేయి మేర మసి తీశాడు. అది శివకృష్ణ కంటబడింది, నంబరు మీద గ్రీజు పూసి మహేశ్ నోరు మూయించాడు.

ఇదంతా నాకు ఒక్కసారిగా తోచింది. తోచగానే ఆగాల్సింది. సోమన్నను ముందు బయటికి పంపాల్సింది. గడియారం నాలుగు దాటింది, పరశురాం నా ముఖంలోకి చూస్తున్నాడు, నేను గెలవబోతున్నాను. నూనె గుడ్డ తీసి గ్రీజు తుడిచాను. టార్చి వేశాను. అంకెలు బయటపడ్డాయి. పైకి చదవడం మొదలుపెట్టాను.

"నాలుగు, ఆరు, ఒకటి..."

"ఏడు, సున్న, మూడు" అన్నాడు సోమన్న వెనక నుంచి. "చివర మల్ల మూడు."

చివర మళ్లీ మూడే ఉంది.

పరశురాం తన ఫోన్‌లోకి రెండేళ్ల కిందటి దొంగతనం కంప్లయింటు తెప్పించి నంబరు పోల్చుకున్నాడు. పోల్చుకుని తన పోలీసు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

"జీపు దొంగలెత్కపోలే" అన్నాడు.

"లేదు" అన్నాను. "సాలమ్మను గుద్దిన రోజు నడిపింది శివకృష్ణే."

సోమన్న ఏడవలేదు. అరవలేదు. రెండు చేతులూ ఇంజన్ మీద ఆనించి, ఆ అంకెలను బొటనవేలితో ఒక్కొక్కటే తడిమాడు. "రెండేండ్లు మేడం" అన్నాడు. "పండుగొస్తె బట్టలు పెట్టిండు. నేను ఆయన కాళ్లకు మొక్కిన."

"బేడీలు తియ్యిన్రా" అన్నాడు పరశురాం కానిస్టేబుల్‌తో. "సోమన్నా, తప్పైంది. నీళ్లు తాగు, పో."

ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. అందుకే ఆ క్షణంలో ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత అందరం ఇంజన్ మీద పడ్డాం. ఫోటోలు, సీలు, ఫిల్టర్ కవరులో పెట్టడం. పరశురాం భువనగిరి పోలీసులకు ఫోన్ కలుపుతున్నాడు, లైను బిజీగా వస్తోంది. ముందు షెడ్డులో మోటార్‌సైకిల్ కిక్కు కొట్టిన చప్పుడైంది. కానిస్టేబుల్ ఎవరో టీకి పోతున్నాడనుకున్నాను.

రెండు నిమిషాల తర్వాత షెడ్డులోకి వెళ్లాను. కుండ మీద గ్లాసు బోర్లించినట్టే ఉంది. నీళ్లు ఎవరూ తాగలేదు. గోడ మీద పనిముట్ల చెక్క ఉంది. ఏది ఎక్కడ తగిలించాలో తెలియడానికి ప్రతి పనిముట్టు ఆకారం చుట్టూ తెల్లగీత గీసి పెట్టారు. అన్నీ వాటి గీతల్లోనే ఉన్నాయి. లారీ చక్రాలు విప్పే పొడుగు పానా గీత మాత్రం ఖాళీగా ఉంది.

"పరశురాం!" నా అరుపు నాకే కొత్తగా వినిపించింది. "జీపు తియ్యండి!"

గేటు దాటుతుండగానే అఖిలకు ఫోన్ చేశాను. చాలాసేపు మోగి ఎత్తింది. వెనక డప్పులు.

"అఖిలా, శివకృష్ణ ఎక్కడున్నాడు?"

"ఈడనే ఉన్నడక్కా. పాడెకు ముందర భుజం పట్టిండు. ఎవరు చెప్పినా ఇడుస్తలేడు." కాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది. "సోమన్నను ఇడిసిపెట్టిన్రా?"

"ఇడిసిపెట్టిన్రు" అన్నాను.

"నీ మాట నిలబెట్టుకున్నవక్కా" అంది అఖిల. "ఆయనను గూడ పంపియ్యి. ఆఖరుసారి చూసుకుంటడు."

"వస్తున్నాడు" అన్నాను.